మకటాస్ పీట

మాసిడోనియాలో మా ఎలిమియా కొండల్లో విందంటే మగవాళ్లు మంచాల మీద ఒక పక్కకు ఒరిగి, మోచెయ్యి దిండుకు ఆనించి తింటారు. ఆ ఒరిగే హక్కు ఊరికే రాదు. అడవిపందిని వల లేకుండా ఎదురుగా నిలబడి ఈటెతో పొడిచి చంపినవాడికే మంచం. చంపనివాడు గడ్డం నెరిసినా సరే, కుర్రకారు వరసలో పీట మీద నిటారుగా కూర్చుని తినాలి. ఈ నియమం ఎవడు పెట్టాడో తెలియదు. మారుద్దామని ఇంతవరకు ఎవడూ నోరెత్తనూ లేదు. మా ఊరి మకటాస్ పీట మీదే కూర్చునేవాడు.

మకటాస్ అంటే ఎవరనుకున్నారు? అలెగ్జాండర్ రాజు వెంట సముద్రం దాటి, సూర్యుడు పొడిచే దిక్కుదాకా కాలినడకన వెళ్లి, అంత దూరమూ మళ్లీ నడిచి వచ్చిన మనిషి. మా జిల్లా మొత్తం మీద అంత తిరిగినవాడు లేడు. ఆ మనిషికి సొంత ఊళ్లో పీట! చెబితే బయటి ఊరివాళ్లు నమ్మరు, కానీ మా ఊరు అలాంటిదే.

మీసం సరిగా మొలవకముందే మకటాస్ ముసలిరాజు ఫిలిప్ పటాలంలో చేరాడు. గోడకు ఆనిస్తే ఇంటి కప్పు దాటి పైకి పోయేంత బారుబల్లెం చేతికిచ్చారు. మా మాసిడోనియా కాల్బలానికి అదే ప్రాణం. వరస వెనక వరస నిలబడి ఆ బల్లేలు ముందుకు చాపితే ఎదురుగా వచ్చేవాడికి మనిషి కనబడడు, మొనలే కనబడతాయి. పందిని వేటాడే వయసంతా మకటాస్ ఆ వరసల్లోనే గడిపేశాడు. పోనీ తర్వాత చూద్దామనుకుంటే ముసలిరాజు పోయి కొడుకు గద్దెనెక్కాడు. కొడుకు ఒకచోట కాలు నిలవనివాడు. పదండి అన్నాడు, అందరూ బయలుదేరారు.

అప్పటికి మకటాస్‌కు కొత్తగా పెళ్లయింది. మా పెళ్లి పెద్ద తతంగమేమీ కాదు. పెళ్లికూతురి తండ్రి తన మంచం మీద ఒరిగి ఉండగానే కత్తితో రొట్టె కోసి ఇస్తాడు. వధూవరులు చెరో ముక్క కొరికితే పెళ్లయినట్టే. అలా రొట్టె కొరికి వచ్చిన కొర్రాతను ఇంట్లో దింపి, మకటాస్ బల్లెం భుజాన వేసుకుని ఆసియాకు పోయాడు. మొదటి చలికాలం వచ్చేసరికి రాజుకు ఏం తోచిందో ఏమో, కొత్తగా పెళ్లయినవాళ్లందరినీ ఇళ్లకు పోయి రమ్మన్నాడు.

"ఆ ఒక్క మాటకి నేనాయన వెనక ఎక్కడికైనా పోయేవాణ్ణిరా" అనేవాడు మకటాస్, తర్వాత ఎన్నో ఏళ్లకు కూడా. "కోటలు పట్టడం ఏ రాజైనా చేస్తాడు. పెళ్లాం గుర్తొస్తుంటుందని ఏ రాజుకి తడుతుంది?"

ఆ చలికాలం తాలూకు ఫలమే కూతురు క్లేనో. మంచు కరగ్గానే మకటాస్ వెళ్లిపోయాడు. పిల్ల పుట్టినప్పుడు అతను ఊళ్లో లేడు. నడక నేర్చినప్పుడు లేడు, పాలపళ్లు ఊడినప్పుడూ లేడు. మళ్లీ కూతుర్ని చూసేనాటికి ఆ పిల్ల నెత్తిన నీళ్ల కుండ పెట్టుకుని చెయ్యి వెయ్యకుండా నడుస్తోంది.

ఈలోగా అతను చూసినవి ఒకటా రెండా! తూరు అనే ఊరు సముద్రం మధ్యన ఉంటే, నడిచి వెళ్లడానికి రాజు సముద్రంలోనే బాట వేయించాడు. దానికి రాళ్లు మోసిన భుజాల్లో మకటాస్ భుజం ఒకటి. పర్షియా రాజు దరియస్ రథాలకు కొడవళ్లు కట్టి మీదికి తోలితే, వరసలు విడదీసి వాటికి దారిచ్చి, అవి వెళ్లిపోయాక మళ్లీ కలిసిపోయిన వాళ్లలో మకటాస్ ఒకడు. మంచుకొండలు దాటుతూ ఆకలికి పచ్చి మాంసం తిన్నాడు. హోరువానలో జీలం నది దాటి పోరస్ రాజు ఏనుగుల ముందు నిలబడ్డాడు. ఆ ఏనుగులు మకటాస్ చెప్పే కథలో ఏడాదికో మూర పెరుగుతూ వచ్చాయి. చివరికి మా ఊరి దేవుడి గుడి కంటే ఎత్తయ్యాయి. మేమూ కాదనలేదు. చూసొచ్చినవాడు అతనే కదా.

ఆ తర్వాత ఇంకో నది దాటమంటే పటాలమంతా చతికిలబడింది. రాజు అలిగి గుడారంలో పడుకున్నాడు, వీళ్లు బయట ఏడ్చారు. చివరికి ఆయనే మెత్తబడ్డాడు. తిరుగుదారిలో ఎడారి. అక్కడ నీళ్లు లేక నాలుకలు పిడచ కట్టుకుపోతుంటే, ఒకడు ఎక్కడో కాసిని నీళ్లు సంపాదించి ఇనపటోపీలో పట్టుకొచ్చి రాజుకిచ్చాడు. మీకు లేనివి నాకెందుకని రాజు అందరి ముందూ ఆ నీళ్లు ఇసకలో పారబోశాడు. ఈ కథ చెప్పినప్పుడల్లా మకటాస్ కళ్లు తుడుచుకునేవాడు. కొర్రాత మాత్రం కరగలేదు.

"పారబోయడమెందుకూ? పక్కన చచ్చేవాడెవడికో పోస్తే పోయేది కదా" అనేది, పప్పు కలుపుతూనే.

"నీకు అర్థం కాదులేవే."

"నీళ్లు మోసేదాన్ని నాకర్థం కాక నీకవుద్దా?"

చివరికి ముసలివాళ్లని, దెబ్బలు తిన్నవాళ్లని ఇళ్లకు పంపేటప్పుడు రాజు కళ్లనీళ్లు పెట్టుకుని ఒక్కొక్కరినీ సాగనంపాడు. వీళ్లు ఇల్లు చేరకముందే, దారిలోనే కబురు వచ్చింది, రాజు బాబిలోన్‌లో జ్వరంతో పోయాడని. మకటాస్ దారి పక్కన కూర్చుని ఎక్కెక్కి ఏడ్చాడు. "నాకంటే చిన్నవాడు" అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడట.

ఇంటికి వచ్చిన రోజు కొర్రాత గడపలో నిలబడి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. ఏడవలేదు, మీద పడిపోలేదు. "కాళ్లు కడుక్కో. పప్పు చల్లారిపోతోంది" అంది. ఆ తర్వాత పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదని క్లేనో చెబుతుంది. మకటాస్ మూట విప్పితే అందులోంచి ఎర్ర తివాచీ ఒకటి బయటపడింది. సూసా నగరంలోది. అంత మెత్తటి ఉన్ని మా ఊళ్లో ఎవరూ తాకి ఎరగరు.

"ఇదెందుకయ్యా?" అంది కొర్రాత.

"విందులో నా మంచం మీద వేసుకోవడానికి."

"మంచానికి ముందు పంది కావాలి. పందేదీ?"

తివాచీ పెట్టెలోకి పోయింది.

అతను తిరిగొచ్చినందుకు మొదటి విందు దెర్దాస్ ఇచ్చాడు. దెర్దాస్, మకటాస్ చిన్నప్పుడు కలిసి మేకలు కాసినవాళ్లు. మూతి మీద నూగు రాకముందే దెర్దాస్ పందిని చంపాడు. చస్తూ చస్తూ ఆ పంది అతని తొడ చీల్చింది. దాంతో మంచమూ వచ్చింది, కుంటికాలూ వచ్చింది. కుంటివాడని పటాలంలో చేర్చుకోలేదు. ఊళ్లో కుర్రాళ్లంతా ప్రపంచం చూడ్డానికి పోతే అతను మా ఏటి అవతలి గట్టు కూడా దాటలేదు. ఆ మంచం తప్ప అతనికి చెప్పుకోవడానికి ఇంకోటి లేదు. దాని మీద ఎంత దర్జాగా ఒరిగేవాడో చూడాలి మీరు, పర్షియా రాజు కూడా చాలడు.

ఆ రోజు మకటాస్ మామూలుగా వచ్చి ఒక మంచం మీద చెయ్యి వేశాడు. దెర్దాస్ దగ్గాడు.

"పీట అక్కడుందిరా."

"ఏందిరా, నాకా? ఏనుగుల్ని తరిమొచ్చాను నేను!"

"ఏనుగు మాట మన ఆచారంలో లేదు. పంది అని ఉంది. చంపావా?"

"లేదు."

"మరి? ఆచారం ఆచారమే."

పక్క పీట మీది కుర్రాడు ఒకడు కిసుక్కున నవ్వాడు. మకటాస్‌కు తల కొట్టేసినట్టయింది. అయినా కూర్చున్నాడు. తిన్నాడు కూడా, బాగానే తిన్నాడు. దెర్దాస్ ఇంట్లో మేకమాంసం ఎప్పుడూ బాగుంటుంది.

ఆ తర్వాత ఏళ్లు హాయిగానే గడిచాయి. మకటాస్ ద్రాక్షతీగలు కత్తిరించడం మళ్లీ నేర్చుకున్నాడు. కొర్రాత చేతిలో తిట్లు తింటూ నేర్చుకున్నాడు. అన్నేళ్లు తోటను ఒంటిచేత్తో నడిపిన మనిషికి కొత్తగా వచ్చిన మొగుడు అడ్డమే కదా. సాయంకాలాలు వీధి అరుగు మీద కూర్చుని కథలు చెప్పేవాడు. కథ యుద్ధం దాకా వచ్చిందంటే లేచి, పొయ్యిలోంచి రొట్టెలు తీసే పొడుగు కర్ర అందుకునేవాడు.

"గుర్రం మీదికొస్తే ఏం చెయ్యాలి? బల్లెం మడమ నేలలో గుచ్చు. కాలితో తొక్కిపట్టు. మొన దాని రొమ్ము ఎత్తున నిలబెట్టు. కళ్లలోకి మాత్రం చూడకు, చూశావా చేతులు వణుకుతాయి. రొమ్ము చూడు. నువ్వు పొడవక్కర్లేదు, అదే వచ్చి గుచ్చుకుంటుంది."

"ఆ కర్ర ఇటియ్యి, రొట్టె మాడుతోంది" అనేది కొర్రాత.

ఇలా ఉండగా దెర్దాస్ కొడుకు సిమ్మియాస్‌కు, క్లేనోకు మనసు కలిసింది. ఎప్పుడు కలిసిందో తండ్రులకు తెలియదు, తల్లికి ముందే తెలుసు. కుర్రాడు నెమ్మదస్తుడు, మేకల మంచిచెడ్డలు తెలిసినవాడు. రెండు ఇళ్లవాళ్లూ సంబరపడ్డారు. వచ్చే పున్నమికి ముహూర్తం అనుకున్నారు. నీళ్లు కలపని ద్రాక్షసారా తాగి ఇద్దరు స్నేహితులూ వియ్యంకులయినందుకు కావలించుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది దెర్దాస్‌కు.

"ఒరేయ్ మకటాస్. రొట్టె ఎవడు కోస్తాడు?"

"ఎవడేంటి, పిల్ల తండ్రిని నేను కొయ్యనూ?"

"మంచం మీద ఉన్నవాడే కొయ్యాలి. కొర్రాత వాళ్లన్నకి మంచం ఉంది కదా, ఆయన్ని పిలిపించు. తండ్రికి మంచం లేకపోతే మేనమామ కోస్తాడు. ఆచారం—"

"ఆచారమే! తెలుసురా, చెవులు చిల్లులు పడ్డాయి నీ ఆచారంతో!"

ఇంటికొచ్చి మకటాస్ మూలన కూర్చున్నాడు. కొర్రాత రొట్టె పెడితే పక్కకు నెట్టేశాడు.

"పోనీలేవయ్యా. మా అన్నే కదా కోసేది. పరాయివాడా?"

"నీకు తెలియదే. పుట్టినప్పుడు లేను. అడుగు వేసినప్పుడు లేను. దానికి జబ్బు చేస్తే నువ్వొక్కదానివే మోసుకు తిరిగావంట, అప్పుడూ లేను. దాని కోసం ఒక్కటి, ఒక్క పని నా చేత్తో చేద్దామనుకున్నా. అదీ ఇంకొకడేనా?"

కొర్రాత ఆ రొట్టె మళ్లీ అతని ముందుకు జరిపింది. తర్వాత లేచి ఒక మంచి మాట చెప్పింది. "ఏటా మన ద్రాక్ష పాడుచేసే పంది ఒకటుంది. మగది, ముసలిది. ఆ ఎండిన వాగులోంచే వస్తది. నువ్వు లేనన్నాళ్లూ కుండలు మోగించి తోలింది నేనే. దాని దారి నాకు తెలుసు, చూపిస్తా."

"నువ్వూరుకో. వేట సంగతి మగాడికి తెలుసు."

తెలిసింది ఏపాటో మర్నాడే బయటపడింది. దెర్దాస్ మంచివాడే, పందుల వేటకు వాడే పొట్టి ఈటె తెచ్చిచ్చాడు. మొనకు కింద అడ్డకమ్మీ ఉంటుంది, పంది మీదికి ఎక్కిరాకుండా. మకటాస్ దాన్ని ముట్టుకోలేదు. "నీ ఈటెతో చంపితే బతుకంతా ఆ మాటే అంటావు" అని, ఇంటి దూలానికి వేలాడుతున్న బారుబల్లెం దించాడు. దాంతో ప్రపంచం గెలిచాడు, పందిని గెలవలేడా? మా ఊళ్లో పిచ్చివాడు కూడా అంత కర్ర పట్టుకుని అడవిలోకి పోడు. బయలు మీద వరసలో నిలబడి వాడేది అది. ఓక్ చెట్ల మధ్య అది ఎటు తిప్పినా ఏదో ఒకదానికి తగులుతుంది.

పొద్దున్నే పోయి సాయంత్రానికి గీరుకుపోయిన మొహంతో వచ్చేవాడు. ఊరంతా నవ్వింది. "వియ్యంకుడా, పంది కనబడిందా, లేక బల్లెం చూసి అదీ నవ్విందా?" అని దెర్దాస్ వాకిట్లోంచి అరిచేవాడు. మకటాస్‌కు ఒళ్లు మండేది. ముహూర్తం దగ్గరపడుతోంది. పెట్టెలోని తివాచీ తీసి ఒకసారి చూసుకుని మళ్లీ మడిచిపెట్టడం కొర్రాత గమనించింది.

ఒక రోజు తిండిమూట మరిచిపోయి వెళ్లాడు. కొర్రాత రొట్టె, మేకపాల జున్ను, రెండు ఉల్లిపాయలు మూటగట్టి వెనక బయలుదేరింది. వెతకనక్కర్లేదు, బల్లెం కొమ్మలకు తగిలే చప్పుడు అంత దూరానికీ వినబడుతోంది. ఎండిన వాగు దగ్గర కలుసుకుంది. మూట ఇవ్వబోతుండగా ముళ్లపొద కదిలింది.

ముసలి పంది. వీపు మీద బురద ఎండి అట్టలు కట్టింది. కోరలు పసుప్పచ్చగా వంకర తిరిగి ఉన్నాయి.

మకటాస్ బల్లెం దించబోయాడు. రెండు ఓక్ మానుల మధ్య అది ఇరుక్కుపోయింది. గుంజాడు. పంది వచ్చేసింది. అది తగిలిన ఊపుకు మనిషి వెల్లకిలా పడ్డాడు, బల్లెం ఊడివచ్చి అతని మీదుగా అడ్డంగా పడింది. పంది వాగు అవతలకు పోయి, తిరిగి నిలబడి, నేల గీరింది. మకటాస్ లేవబోయాడు, కాలు తీగల్లో చిక్కుకుపోయింది. పంది మళ్లీ బయలుదేరింది.

కొర్రాత చేతిలో మూట వదిలేసింది. బల్లెం ఎత్తింది. మడమ వాగు గట్టున మట్టిలో గుచ్చింది, కాలితో తొక్కిపట్టింది, మొన రొమ్ము ఎత్తున నిలబెట్టింది. పంది కళ్లలోకి చూడలేదు. రొమ్మే చూసింది. దాని ఊపుకు అదే వచ్చి గుచ్చుకుంది. బల్లెం విల్లులా వంగి, నడిమికి విరిగింది. పంది మకటాస్ పాదాల దగ్గర కూలింది.

కొర్రాత నేల మీద కూలబడింది. చేతులు గడగడ వణకడం అప్పుడు మొదలైంది.

"జున్ను మట్టిలో పడిపోయింది" అంది.

మకటాస్ ఆమె దగ్గరికి డేకుతూ వెళ్లి రెండు చేతులూ పట్టుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలియదు. "నీకెవరు నేర్పారే?"

"ఎవరు నేర్పారా! రొట్టెల కర్ర పట్టుకుని అన్నేళ్లు ఊదరగొట్టింది ఎవరయ్యా? వినీవినీ నా చేతులకే వచ్చేసింది." ముక్కు తుడుచుకుంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఇదిగో విను. ఇక్కడెవరూ లేరు. చంపింది నువ్వే. కోరల మీద చెయ్యేసి చెప్పు, అయిపోతుంది. పిల్ల రొట్టె నువ్వే కోస్తావు."

మకటాస్ పంది వంక చూశాడు, సగానికి విరిగిన బల్లెం వంక చూశాడు.

ఇంటి నుంచి గాడిదను తోలుకొచ్చి, పందిని దాని మీద వేసుకుని దిగివస్తుంటే ఊరు ఊరంతా ఎదురొచ్చింది. అందరికంటే ముందు దెర్దాస్, కుంటుకుంటూ పరిగెత్తి మరీ వచ్చాడు. "నా వియ్యంకుడు మంచమెక్కుతున్నాడ్రా!" అని కేకేసి మకటాస్‌ను గుండెలకు హత్తుకున్నాడు. నిజంగానే కళ్లు తడిశాయి అతనికి. ఇన్నాళ్లూ ఎగతాళి చేసినవాడు అంతలా పొంగిపోతాడని మకటాస్ అనుకోలేదు.

ఊరి మొదట్లో వేట దేవుడు హెరాక్లెస్ రాయి ఉంది. పందిని చంపినవాడు దాని కోరల మీద చెయ్యి వేసి ఆ రాయి ముందు మాట ఇవ్వాలి, 'వల లేదు, గొయ్యి లేదు, చెయ్యి నాదే' అని. పందిని రాయి ముందు దించారు. అందరూ చుట్టూ చేరారు. క్లేనో తండ్రి భుజం పక్కనే వచ్చి నిలబడింది, మొహం వెలిగిపోతోంది. మకటాస్ వంగి కోర మీద చెయ్యి వేశాడు.

"వల లేదు" అన్నాడు. "గొయ్యి లేదు." ఆగిపోయాడు.

"కానీరా, కానీ" అన్నాడు దెర్దాస్.

ఏనుగులను గుడి కంటే ఎత్తు చేసిన నోరు అది. ఇంకో అబద్ధం దానికి లెక్కా? కొర్రాత జనం వెనక నిలబడి కళ్లతోనే చెప్పెయ్యమంటోంది. మకటాస్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"చెయ్యి మాత్రం నాది కాదు" అన్నాడు. "బల్లెం నాది. చంపింది కొర్రాత. నేను వెల్లకిలా పడి ఉంటే నా మీద నిలబడి చంపింది. మా వరసలో ముందువాడు పొడిస్తే, వెనకవాడు నేను పొడిచానని ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు నేనూ అనలేను."

క్లేనో తల తిప్పి తల్లి వంక చూసింది. దెర్దాస్ గడ్డం గోక్కున్నాడు. అతని మొహం చిన్నబోయింది, పాపం.

"అయితే నీ పీట నీదేరా" అన్నాడు, చివరికి.

"నాదే."

అప్పుడు క్లేనో అడిగింది. "మరి మంచం ఎవరిది మామయ్యా?"

"ఎవరిదేంటమ్మా? చంపినవాళ్లది."

"చంపింది అమ్మ."

"అవుననుకో, కానీ ఆడమనిషి..." దెర్దాస్ తడబడ్డాడు. బతుకంతా ఆ నియమాన్ని భుజాన మోసినవాడు. ఇప్పుడు తనే దాన్ని కింద పడెయ్యాలా? చుట్టూ చూశాడు. ముసలాళ్లెవరూ సాయం రాలేదు. "ఆడది ఎక్కకూడదని... నేనైతే ఎప్పుడూ వినలేదు. వల లేకుండా చంపినవాళ్లకి మంచం. అంతే ఉంది."

"నేనెక్కను బాబూ!" అని వెనక నుంచి కొర్రాత అరిచింది. "పెళ్లి రోజు వంట ఎవడు చూస్తాడు? సిగ్గు లేకపోతే సరి!"

"ఎక్కాల్సిందే చెల్లెమ్మా!" దెర్దాస్ ఇప్పుడు పట్టు దొరికినవాడిలా గట్టిగా అరిచాడు. "ఇష్టమున్నప్పుడు ఎక్కి లేనప్పుడు మానడానికి ఇదేమన్నా ఆటా? ఆచారం ఆచారమే!"

పెళ్లి రోజున ఆ తివాచీ పెట్టెలోంచి బయటికొచ్చింది. మకటాస్ స్వయంగా దాన్ని మంచం మీద పరిచి, దిండు సర్ది, ముడతలు చేత్తో నొక్కాడు. కొర్రాత కొత్త చీపురులా బిగుసుకుని ఒరిగింది. మొహం కందగడ్డలా ఎర్రబడింది. ఏటి అవతలి చుట్టాలు గుసగుసలాడారు. దెర్దాస్ వాళ్ల వైపు గుర్రుగా చూస్తే సర్దుకున్నారు. మేనమామ కూడా వచ్చాడు. తన మంచం మీద ఒరిగి, "నా చెల్లెలు" అని అటూఇటూ అందరికీ చెప్పుకున్నాడు. మకటాస్ తన పీట తెచ్చుకుని కొర్రాత తలాపున వేసుకున్నాడు. కత్తి తీసి ఆమె చేతికిచ్చాడు.

కొర్రాత కత్తి రొట్టె మీద పెట్టింది. నొక్కింది. దిగలేదు. "ఏంటయ్యా ఇది, మొద్దుబారిపోయింది. ప్రపంచం గెలిచింది దీంతోనేనా?" అంది. అందరూ పగలబడి నవ్వారు. "చూస్తావేంటి, నువ్వూ పట్టు."

మకటాస్ పీట మీంచి వంగి ఆమె చేతి మీద తన చెయ్యి వేసి నొక్కాడు. రొట్టె రెండైంది. మంచం మీదున్నవాళ్లే కొయ్యాలి కదా అని ఎవరైనా అంటారేమోనని దెర్దాస్ వంక చూశాడు. దెర్దాస్ సరిగ్గా అప్పుడే గిన్నెలో ఏదో పడినట్టు దాని లోపలికి చూసుకుంటున్నాడు. క్లేనో, సిమ్మియాస్ చెరో ముక్కా కొరికారు. నములుతూనే క్లేనో తండ్రి మెడ కావలించుకుంది, రొట్టె పొడి అతని గడ్డం నిండా పడింది. అతను దులుపుకోలేదు.

తర్వాత తిండి, తాగుడు, పిల్లనగ్రోవులు. కొర్రాత మొదట్లో తిట్టుకుంది, ఇలా ఒరిగి ఎలా తింటారో, పప్పంతా ఒలికిపోతుందని. వంటశాల వైపు చూస్తూ ఉప్పు చూశారా, మాంసం దించారా అని కేకలేసింది. ఆ తర్వాత కేకలు తగ్గాయి. కాసేపటికి వినబడటం మానేశాయి. మకటాస్ తల తిప్పి చూసేసరికి ఆమె బుగ్గ కింద చెయ్యి పెట్టుకుని ఆ ఎర్ర తివాచీ మీద నిద్రపోతోంది. అంత మందిలో, అంత గోలలో, పట్టపగలు! ఆమె పగటిపూట నడుం వాల్చగా మా ఊళ్లో అంతవరకు చూసినవాళ్లు లేరు. మకటాస్ ఆసియాకు పోయింది మొదలు ఆ ఇంట్లో దీపం పెట్టకముందు ఎవరూ పడుకోలేదు.

ఆమె చేతిలో గిన్నె వాలిపోతుంటే మకటాస్ మెల్లగా తీసి కింద పెట్టాడు. తివాచీ అంచు లాగి ఆమె పాదాల మీద కప్పాడు. దెర్దాస్ అప్పుడే పాట ఎత్తుకోబోతున్నాడు.

"అరవకురా, పడుకుంది" అన్నాడు మకటాస్.

దెర్దాస్ నోరు మూశాడు. కాసేపటికి గొంతు బాగా తగ్గించి, "మరి వడ్డన ఎవరు చూస్తారు? లేపుదామా?" అన్నాడు.

"లేపావంటే చంపుతాను" అన్నాడు మకటాస్. పీట పక్కకు జరిపి లేచి, వంటశాలలోకి వెళ్లి పప్పు కుండ ఎత్తుకొచ్చాడు. ఆ చివర మంచం దగ్గర మొదలుపెట్టి, చప్పుడు కాకుండా, ఒక్కొక్కరికీ వడ్డించుకుంటూ వచ్చాడు.